ప్యాకేజీలో మల్లెపూలు లేవట

ఈమధ్య ఏ పెళ్లికి వెళ్లినా నాది ఒకటే గోల. ఇన్ని పూలున్నాయి కదా, వాసనేదీ? హాలు గుమ్మం మొదలు వేదిక దాకా పూలే. గోడకి పూలు, స్తంభాలకి పూలు, కుర్చీల వీపులకి పూలు, ఆఖరికి చేతులు కడుక్కునే చోట గాజు గిన్నెలో కూడా పూలు. ముక్కు ఎగబీలిస్తే వచ్చేది ఏసీ వాసన, ఆ వెనకాల బిర్యానీ వాసన. గిల్లి చూస్తే సగం ప్లాస్టిక్కు. తక్కిన సగం నిజం పూలేనట గానీ, వాటికంటే ఆ ప్లాస్టిక్కువే నయం. ఆంథూరియం అని ఎర్రగా నిగనిగలాడుతూ ఒకటుంటుంది. రెండుసార్లు గిల్లినా నాకు నమ్మకం కుదర్లేదు. మూడోసారి గిల్లబోతుంటే మనవరాలు చెయ్యి పట్టుకుని లాగేసింది, “అమ్మమ్మా, అందరూ మనల్నే చూస్తున్నారు” అంటూ.

మా రోజుల్లో పెళ్లి ఏ నెలలో జరిగిందో పెళ్లికూతురి జడ చెప్పేది. మాఘమైతే చామంతులు, కనకాంబరాలు. వైశాఖమైతే మల్లెలు. శ్రావణమైతే విరజాజులు, మొగలిరేకులు. ఏ కాలంలో ఏది పూస్తే అది పెట్టుకోవడమే, బేరాల్లేవు. ఇప్పుడు మాఘమూ లేదు, వైశాఖమూ లేదు. ఆర్కిడ్లు థాయ్‌లాండ్ నుంచి విమానంలో దిగుతాయి. జెర్బెరాలు, కార్నేషన్లు బెంగళూరు, హోసూరు వైపు పాలీహౌసుల నుంచి పెట్టెల్లో వస్తాయి. ఆర్కిడ్ కాడ చివర వేలెడు ప్లాస్టిక్ గొట్టం తొడిగి, అందులో ఇన్ని నీళ్లు పోస్తారు. ఆసుపత్రి నుంచి సెలైను సీసాతో సహా పెళ్లికి వచ్చిన చుట్టంలా ఉంటుంది దాని వాలకం.

నా పెళ్లి 1969 వైశాఖంలో, కడియం దగ్గర మా పల్లెలో అయింది. పూలజడంటే ఏవిటో ఈ కాలం పిల్లలకి చెప్పాలంటే ఆ రోజు సంగతే చెప్పాలి. మల్లెమొగ్గలు తెల్లవారకముందే కోసి, తడిగుడ్డ చుట్టి, బుట్టలో అరటాకు వేసి దాచారు. విచ్చిన పువ్వు జడకి పనికిరాదు, మొగ్గే కావాలి. మధ్యాహ్నం భోజనాలవగానే నన్ను పీట మీద కూలేశారు. సవరం కలిపి జడ అల్లి, చివర జడకుప్పెలు కట్టారు. అరటి డొప్పని పైన వెడల్పుగా, కిందికి వచ్చేసరికి సన్నగా కోసి జడ మీద ఆనించారు. మా పిన్ని ఒక పక్క, పొరుగింటి అక్కయ్య ఒక పక్క సూదీ దారం పట్టుకుని కూర్చున్నారు. మూడో ఆవిడ పని మొగ్గలు ఏరి ఇవ్వడం. లావువి పైకి, సన్నవి కిందికి. నాలుగు వరసలు మల్లె కుట్టాక ఒక వరస కనకాంబరం. కనకాంబరానికి రంగే గానీ వాసనుండదు, అందుకని అంచుల్లో మరువం. దీపాలు పెట్టే వేళకి గానీ తెమల్లేదు. నా మెడ పడిపోయింది. గోడకి ఆనుకోవడానికి లేదు, కాసేపు నడుం వాల్చడానికి లేదు. కదిలితే మొట్టికాయ.

ముహూర్తం రాత్రి ఒంటిగంట దాటాక. ఆ వేళకి మొగ్గలన్నీ నా వీపు మీదే విచ్చుకున్నాయి. పందిట్లో పెట్రోమాక్స్ దీపాల వేడికి మరీ ఘాటెక్కాయి. తెరకి అవతలున్న పెళ్లికొడుక్కి నా మొహం కంటే ముందు తెలిసింది నా జడే. ఆయన బతికున్నన్నాళ్లూ ఒప్పుకోలేదు గానీ, నాకు తెలుసు.

ఇప్పుడు పూలజడ అట్టపెట్టెలో వస్తుంది. నాలుగు క్లిప్పులు పెడితే అయిదు నిమిషాల్లో అయిపోతుంది. గుడ్డ పూలు, కాగితం పూలు, చీరకి మ్యాచింగట. లేత నీలం రంగు మల్లెమొగ్గలు కూడా చూశాను. అద్దెకిచ్చేవాళ్లూ ఉన్నారు. పెళ్లవగానే ఊడదీసి, లెక్క చూసుకుని పట్టుకుపోతారు. మాకూ ఫొటో సరదా లేకపోలేదు. స్టూడియో అబ్బాయిని ఇంటికే పిలిపించి, వెనక నిలువుటద్దం పెట్టి, మొహమూ జడా ఒకే పటంలో పడేలా తీయించుకున్న వాళ్లమే. కాకపోతే మాది జడ కోసం ఫొటో, వీళ్లది ఫొటో కోసం జడ.

నలుగు పెట్టడం పోయి హల్దీ వచ్చాక మరీ చోద్యంగా ఉంది. సున్నిపిండి ఊసే లేదు. పసుపచ్చ బట్టలేసుకుని నిలబడితే పళ్లెం నిండా బంతిరేకులు తెచ్చి నెత్తిన గుమ్మరిస్తారు. ఫొటో సరిగ్గా రాలేదని మళ్లీ గుమ్మరిస్తారు.

మొన్న మనవరాలి పెళ్లికి హైదరాబాదులో డెకరేషన్ కుర్రాడొచ్చాడు. ట్యాబులో బొమ్మలు చూపించి, అడుగుల లెక్కన రేటు చెప్పాడు. పూలని చదరపు అడుగుల్లో అమ్మడం ఈ చెవులతో వినాల్సొచ్చింది. రాజమండ్రిలో మేం మూర పూలు కొనేటప్పుడు పొడుగు చేతుల పూలమ్మిని చూసి మరీ కొనేవాళ్లం. మోచెయ్యి నుంచి వేలి కొస దాకా మూర కాబట్టి ఒకే డబ్బుకి రెండంగుళాలు కలిసొచ్చేది. ఆ లెక్క నాకు అర్థమవుతుంది. చదరపు అడుగుకి ఎన్ని పూలు బాబూ అంటే కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు. పోనీ మండపం చుట్టూ మల్లెదండలు వేయించమన్నాను. “మల్లెలు మన ప్యాకేజీలో లేవండి అమ్మమ్మగారూ. తొందరగా ఎర్రబడిపోతాయి, ఈ థీమ్‌కి సెట్ అవ్వవు” అన్నాడు. పెళ్లి సామాన్ల జాబితాలో మంగళసూత్రం లేదన్నా నేను అంతగా ఉలిక్కిపడను.

మా మనవడొకడు ఇంజనీరు, వాదనలో దిట్ట. “అమ్మమ్మా, నువ్వు మనది మనది అంటావే, ఆ బంతి పుట్టిల్లు మెక్సికో. నీ లిల్లీ దండ కూడా అక్కడిదే. చామంతి చైనా నుంచి వచ్చింది” అని ఫోనులో చూపించాడు. వస్తే రానీ. మన మట్టిలో నాటుకుని, మన పేడ ఎరువు తిని, వందల ఏళ్లుగా మన గుమ్మాలకి వేలాడుతోంది. ఇంటి కోడలైపోయింది. విమానం దిగి, తిన్నగా స్టేజీ ఎక్కి, తెల్లారేసరికి చెత్తలారీ ఎక్కే పువ్వుతో దానికి పోలికేవిటి?

చెత్తంటే గుర్తొచ్చింది. ఈ పూలన్నీ ఒక పచ్చ ఇటుకలో గుచ్చి పెడతారు. ఫోమట. 1954లో అమెరికాలో కనిపెట్టారని ఆ మనవడే చెప్పాడు. గిల్లితే పొడిపొడి అవుతుంది గానీ మట్టిలో మాత్రం కలవదు. మా పెళ్లి పందిరి విప్పితే కొబ్బరాకులు, మామిడాకులు, అరటి బోదెలు, వాడిన దండలు మిగిలేవి. సగం గేదెలు తినేవి, సగం పెంటకుప్ప మీదికి పోయేవి. కడియపులంకలో హైవే పక్కన ఇప్పటికీ తెల్లవారుజామున గంపల కొద్దీ బంతులు, చామంతులు దిగుతూనే ఉన్నాయి. హైదరాబాదులో గుడిమల్కాపూర్ మార్కెట్టుకి పోతే కాలు పెట్టడానికి చోటుండదు. పువ్వులకేం కరువు రాలేదు. అయినా విమానం ఎక్కి రానిదే మన పెళ్లికి పనికిరావట.

ఒక్క విషయంలో మాత్రం మా రోజుల్ని వెనకేసుకు రాను. మా మేనత్త చేతి దండ ఊళ్లో ప్రసిద్ధి. అరటినార కొస కాలి బొటనవేలికి ముడేసుకుని, సూది లేకుండా, చూడకుండా కట్టేసేది. ఊళ్లో ఏ పెళ్లయినా ముందురోజు రాత్రంతా ఆవిడ చేతులే. తెల్లారి ముహూర్తం వేళకి పెరట్లోకి వెళ్లి కూర్చునేది, ఎదురుపడకూడదని. పదహారో ఏట భర్త పోయాడు. ఆవిడ తలలోకి మళ్లీ పువ్వన్నది వెళ్లలేదు. వీరేశలింగం పంతులుగారు వితంతు వివాహం జరిపించింది 1881లో. అదీ మా పక్కనున్న రాజమండ్రిలోనే. అక్కణ్ణుంచి మా ఇంటికి పది మైళ్లు కూడా లేదు. తొంభై ఏళ్లు గడిచినా ఆ కబురు మా పెరటి గుమ్మం దాటలేదు. మొన్నటి పెళ్లిలో మా వియ్యపురాలి అప్పగారు, మా మేనత్తలాగే భర్తని పోగొట్టుకున్నావిడ, ముందు వరసలో కూర్చుంది. పెద్ద కోడలు వచ్చి ఆవిడ ముడిలో పూలు తురిమి పోయింది. ఒక్కరు నోరెత్తితే ఒట్టు. అవి ఆర్కిడ్లే అయినా నేనూ ఏమీ అనలేదు.

రెండో మనవరాలికి సంబంధాలు చూస్తున్నారు. ముహూర్తం వైశాఖంలోనే పెట్టించమని పంతులుగారికి ఇప్పుడే చెప్పి ఉంచాను. స్టేజీ వాళ్లిష్టం, గోడలు వాళ్లిష్టం, థాయ్‌లాండ్ మొత్తం దింపుకున్నా నాకభ్యంతరం లేదు. జడ మాత్రం నేనే కుడతాను. ఆరు గంటలు కదలకుండా కూర్చోవాలని పిల్లకి చెప్పాను. ఫోను చేతిలో ఉంటే కూర్చుంటానంది. ఉంచుకోమన్నాను. సూదిలో దారం ఎక్కించే పని మాత్రం దానిదే, నాకు సూది బెజ్జం కనపడి చావదు.