ఈ సీజన్ వరకే మన జట్టు

2025 అక్టోబరులో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ జట్టు ఢిల్లీకి మకాం మార్చింది. స్టేషన్‌కెళ్లి సాగనంపినవాళ్లు లేరు. దిగీ దిగగానే ‘స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ’ అని పేరు కూడా మార్చేసుకుంది. వచ్చినప్పుడూ ఇదే వరస. 2019లో పుణె జట్టు మూతబడితే ఇండియన్ సూపర్ లీగ్‌లో ఒక కుర్చీ ఖాళీ అయింది. అందులో కూర్చోవడానికి పుట్టిందే మన హైదరాబాద్. ఆరేళ్లలో మూడు ఊళ్లు తిరిగిన ఆ కుర్చీ ఒక్కటే ఇందులో శాశ్వతం.

హైదరాబాద్ బంతి గొడవ గోదావరి వాళ్లకెందుకంటారా? ఆ జట్టు ఆడిన గచ్చిబౌలి స్టేడియానికి ఉన్న పేరు మా జి.ఎం.సి. బాలయోగిదండి. అమలాపురం ఎంపీగా వెళ్లి లోక్‌సభ స్పీకరైన మనిషి. 2002లో హెలికాప్టర్ కూలి పోయారు. ఆయన పేరున్న గ్రౌండులో అద్దెకెవరు దిగారో, ఎప్పుడు ఖాళీ చేశారో అడిగే హక్కు మాకు కాస్త ఉంది, ఆయ్.

ఈ లీగుల వాళ్లు ఎక్కడికెళ్లినా పాడే పాట ఒకటే: ‘ఇది మీ జట్టు, మీ ఊరి గర్వం’. జెర్సీ కొనేటప్పుడు మీది. టిక్కెట్టు కొనేటప్పుడూ మీదే. అమ్ముకునేటప్పుడు మాత్రం ఎవరూ మీ గుమ్మం తొక్కరు.

పాపం, ఆ జట్టు బాగానే ఆడింది, అది ఒప్పుకోవాలి. మొదటి ఏడాది అట్టడుగున పడింది. తర్వాత కరోనా వచ్చి రెండు సీజన్లూ గోవాలోనే గడిచాయి. 2022 మార్చి 20న అక్కడే ఫతోర్డాలో ఫైనల్. అవతల కేరళ బ్లాస్టర్స్. వాళ్ల జనం పసుపు చొక్కాలతో స్టాండ్లు నింపేశారు. కేరళ ముందు గోలు కొట్టింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి తన్నిన బంతితో స్కోరు సమం. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, కప్పు మనదైంది. తవోరాది గోవా, కట్టిమణిది గోవా, గడ్డ గోవాది. ఆ ఏడాది లీగులో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిన ఓగ్బెచేది నైజీరియా, కోచ్ మనోలో మార్కెజ్‌ది స్పెయిన్. హైదరాబాద్ వంతుగా హైదరాబాద్ అన్న పేరు వెళ్లింది.

పరాయి వాళ్లని ఎగతాళి చేయడం లేదండి. చెమటోడ్చింది వాళ్లే, జీతం అందక అల్లాడిందీ వాళ్లే. 2023–24 వచ్చేసరికి బకాయిలు పేరుకుని, కొత్త ఆటగాళ్లని తీసుకోవద్దని ఫిఫా నిషేధం పెట్టింది. ఉన్న విదేశీయుల్లో చాలామంది సీజన్ మధ్యలోనే దారి చూసుకున్నారు. సీజన్ మొత్తం మీద 22 మ్యాచుల్లో జట్టు గెలిచింది ఒక్కటే. అప్పటికి కప్పు కొట్టి రెండేళ్లే. తర్వాత బి.సి. జిందాల్ గ్రూపు జట్టుని కొంది, ఒక్క సీజన్ నడిపింది, ఢిల్లీ బండెక్కించింది.

అదే హైదరాబాద్‌లో 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన జట్టు ఒకటుండేది. దాని పేరు సిటీ పోలీస్. లోగో ఆవిష్కరణలు లేవు, గర్వం పాటలు లేవు. ఆటగాళ్లకి పోలీసు ఉద్యోగం, నెల తిరిగేసరికి సర్కారు జీతం. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా చేసినవాడు. దేశాన్ని 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి తీసుకెళ్లాడు. కోట్ల వాళ్లకి సాధ్యం కాని జీతాల పట్టీ కొత్వాలు కచేరీకి సాధ్యమైందన్నమాట.

క్రికెట్లోనూ ఇదే సినిమా, ఇంకా ముందే విడుదలైంది. హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ 2008లో ఆఖరున నిలిచింది. 2009లో ఎన్నికల వల్ల ఐపీఎల్ దక్షిణాఫ్రికా వెళితే అక్కడ కప్పు గెలిచింది. మరుసటేడు తెలంగాణ ఉద్యమం రోజుల్లో సొంత మ్యాచులు కటక్‌కీ, నాగపూర్‌కీ, నవీ ముంబైకీ పోయాయి. 2012లో యజమానులు అప్పుల్లో మునగడంతో బోర్డు ఒప్పందం చింపేసింది.

అమెరికా వాళ్లు ఈ విద్యలో మనకి పెద్దన్నలు. వాళ్ల పాత నార్త్ అమెరికన్ సాకర్ లీగులో శాన్ ఆంటోనియో థండర్ అని ఒక జట్టుండేది. 1977లో అది పసిఫిక్ నడిమధ్యకి వెళ్లి టీమ్ హవాయి అయింది. ఒక్క సీజన్ సముద్రం చూసి, 1978లో టల్సా రఫ్‌నెక్స్‌గా తేలింది. 1983లో టల్సా ఛాంపియన్. 1984 సీజన్ తర్వాత టల్సా లేదు, లీగే లేదు.

ఉండి, ఆకివీడు వైపు మేమూ రొయ్యల చెరువులు లీజుకిస్తాం. కాలం కలిసొచ్చినన్నాళ్లు లీజుదారుడు గట్టు మీద షెడ్డేసి, ఏరియేటర్లు తిప్పుతూ దొరలా ఉంటాడు. రొయ్యకి తెల్లమచ్చ తెగులు తగిలిందంటే తెల్లారేసరికి మోటార్లు విప్పుకుని మాయం. మేత షాపులోనూ బాకీయే, కాపలా కుర్రాడికీ బాకీయే. అయినా లీజుదారుడికి జేజేలు కొట్టమని ఊరిని ఎవరూ అడగరు. పైగా చెరువు మాకు మిగులుతుంది.

ఇప్పుడు అసలు మా సంగతి. 2022లో క్రికెట్‌కి ఆంధ్ర ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడు మాకూ ఒక జట్టిచ్చారు, గోదావరి టైటాన్స్. ఆడింది విశాఖలో. 2025లో చూస్తే టైటాన్స్ జాడ లేదు. దాని బదులు భీమవరం బుల్స్, కాకినాడ కింగ్స్ వెలిశాయి. గోదావరి ధవళేశ్వరం దగ్గర పాయలవుతుందనుకున్నాం, విశాఖలో కూడా అవుతుందని తెలీదు. భీమవరానికీ ఎద్దులకీ ఏం చుట్టరికమో! పుంజులని పెట్టుంటే నోరెత్తేవాళ్లం కాదు. ఎద్దులైనా పుంజులైనా ఆడటం మాత్రం మళ్లీ విశాఖలోనే.

అందుకని లీగుల పెద్దలకి ఒక విన్నపం. జెర్సీ కాలరు లోపల సైజు చీటీ కుడతారు కదా, దాని కిందే గడువు తేదీ కూడా అచ్చేయించండి. జట్టు ఏ నెల దాకా మాదో, ఆ తర్వాత ఏ ఊరిదో రాయించండి. బేరం కుదిరితే భీమవరంలో రెండు కొంటాం.