బోర్డు మీది దుప్పి

మన్ననూరు చెక్‌పోస్టు దాటి శ్రీశైలం వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన కనిపించే రేకు బోర్డుల్లో నేనొకదాన్ని. రెండు ఇనుప గొట్టాలు, వాటి మొదట్లో కాస్త కాంక్రీటు, పైన ఎగిరి దూకుతున్న దుప్పి బొమ్మ, దాని కింద ‘వన్యప్రాణులు తిరుగు ప్రాంతం, నెమ్మదిగా వెళ్ళండి’ అనే రాత. నా ఒళ్ళంతా ఇంతే. దుప్పి వెనక కాళ్ళ మీద ఎవరో శ్రీశైలంలో రూములు దొరుకునంటూ ఫోన్ నంబరున్న కాగితం అంటించి పోయారు. దానికి నేనేమీ నొచ్చుకోలేదు. నన్ను నొప్పించేవాళ్ళు వేరే ఉన్నారు. బోర్డు పెట్టేశాం కనుక మా పని అయిపోయిందనుకునేవాళ్ళు కొందరు, బోర్డు చదివాం కనుక జాగ్రత్తగానే వెళ్తున్నామనుకునేవాళ్ళు మరికొందరు. అడవిదారిలో ప్రాణం తీసేది వేగం. దాన్ని తగ్గించే సత్తా నా మీది రాతకు లేదు, రోడ్డుకూ గేటుకూ ఉంది. ఈ మాట ఒక బోర్డే చెప్పడం మీకు వింతగా ఉండొచ్చు గానీ, ఎండావానల్లో ఇక్కడే నిలబడ్డదాన్ని, నాకు కాక ఎవరికి తెలుస్తుంది?

రాత్రిపూట లైటు పడగానే నా అక్షరాలు వెలుగుతాయి. మీరు రేడియం అని పిలిచే ఆ స్టిక్కరు, వచ్చిన వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. దుప్పి కంటి వెనకా ఇంచుమించు అలాంటి పొరే ఒకటుంది. చీకట్లో దొరికిన కొద్దిపాటి వెలుతురును రెండోసారి వాడుకోవడానికి ఉన్న ఏర్పాటు అది. హెడ్‌లైటు వెలుగులో దాని కళ్ళు మెరిసేది అందుకే. మీకది మెరుపు, దానికి మాత్రం ఆ క్షణాన కళ్ళు బైర్లు కమ్ముతాయి. చీకటికి బాగా విచ్చుకున్న కంటిపాప మీద ఒక్కసారిగా అంత వెలుగు పడేసరికి ఎటు పోవాలో తోచక నిలబడిపోతుంది. హారన్ కొట్టినా కదల్లేదని డ్రైవర్లు విసుక్కుంటారు గానీ అది మొండితనం కాదు. పులి అలికిడి అయితే ఎటు దూకాలో ఎన్నో తరాలుగా నేర్చిన ఒళ్ళది. నేరుగా మీదికొచ్చే కారు సంగతి దానికి నేర్పినవాళ్ళు లేరు.

ఇక లెక్క చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. కన్ను చూసి, బుర్రకెక్కి, కాలు బ్రేకు మీదికి చేరడానికి సెకనున్నర పట్టిందనుకుంటే అప్పటికే 33 మీటర్లు అయిపోయాయి. ఆ తర్వాత పొడి తారురోడ్డు మీద, మంచి టైర్లతో బండి ఆగడానికి ఇంకో 35 మీటర్లు. మొత్తం 70 మీటర్ల దాకా కావాలి. డిమ్ము లైటులో ఎండుటాకుల రంగు దుప్పి అంత దూరాన కనిపించడం కష్టం. అదే 40లో వెళ్తే 26 మీటర్లలో బండి ఆగుతుంది. వేగం సగమైతే ఆగే దూరం సగం కాదు, మూడో వంతు దగ్గరికి పడిపోతుంది. దుప్పి బతికేదీ, బండిలోవాళ్ళు బతికేదీ ఆ మిగిలిన నలభై చిల్లర మీటర్లలోనే.

మరి బోర్డు చూస్తే జనం వేగం తగ్గించరా అంటారా? మా జాతి మీద పరీక్షలు కూడా జరిగాయి. 1970లలో అమెరికాలోని కొలరాడోలో జింక గెంతుతున్నట్టు దీపాలు వెలిగి ఆరే బోర్డు పెట్టి చూశారు. వాహనాల వేగం గంటకు 5 కిలోమీటర్ల మేర తగ్గింది. జింకల చావులు మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఆ బోర్డు పక్కనే చచ్చిన జింకల కళేబరాలను ఉంచి చూస్తే అప్పుడు డ్రైవర్లు ఇంకాస్త వేగం తగ్గించారట! బొమ్మను నమ్మని మనిషి శవాన్ని నమ్ముతాడన్నమాట. నా పక్షాన చెప్పగలిగిన సాక్ష్యమూ ఒకటుంది, దాన్ని దాచను. జింకలు వలసపోయే కొద్ది వారాలు మాత్రమే యూటా, నెవాడా, ఐడహో రాష్ట్రాల్లో తాత్కాలిక బోర్డులు పెట్టినప్పుడు ప్రమాదాలు సుమారు సగానికి తగ్గాయని 2004లో ఒక అధ్యయనం తేల్చింది. అంటే బోర్డు బొత్తిగా పనికిరానిదేం కాదు. కాకపోతే ఏడాది పొడుగునా ఒకేచోట నిలబడ్డ బోర్డు చెట్టూచేమల్లో కలిసిపోతుంది. తొలకరికి రోడ్డు అంచున లేతపచ్చిక మొలిచి మందలు మేతకొచ్చే రోజుల్లోనూ, ఎండాకాలం నీటిగుంటల కోసం అవి రోడ్డు దాటే రోజుల్లోనూ మమ్మల్ని ఆ చోట్లకు తెచ్చి, పని తీరాక తీసేస్తే మా మాటకు విలువ ఉంటుంది.

ఈ దారే ఇంకో రుజువు చూపిస్తుంది. దోమలపెంట దగ్గరపడ్డాక ఘాట్ మలుపుల్లో ఎంత దూకుడు డ్రైవరైనా గేరు మారుస్తాడు. అక్కడ అతన్ని ఎవరూ బతిమాలలేదు, మలుపే వేగం తగ్గించింది. వటవర్లపల్లికి ఇవతల చదునుగా, తిన్నగా సాగే చోట్ల ఎన్ని బోర్డులున్నా యాక్సిలరేటర్ మీది కాలు లేవదు. కాబట్టి జంతువులు ఎక్కువగా దాటే తావులు గుర్తించి అక్కడ వరసగా స్పీడు బ్రేకర్లు వేయడం, రోడ్డంచున పొదలు కొట్టి కనుచూపు పెంచడం నాలాంటివి పది పాతడం కన్నా మేలు.

రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఈ దారిలో గేట్లు మూస్తారు. కర్ణాటకలోని బందీపూర్‌లో 2009లో ఇదే పని చేస్తే గొడవైంది. వయనాడు వైపు వెళ్ళే వ్యాపారులూ ప్రయాణికులూ అభ్యంతరపెట్టారు. 2010లో కర్ణాటక హైకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. ఆ గేటు మేలే చేసిందని నా నమ్మకం. అయితే దుప్పులు మేతకు కదిలేది ముఖ్యంగా పొద్దు వాలే వేళా, తెలవారే వేళా. గేటు పడకముందే అడవి దాటేయాలన్న ఆత్రం ముంచుకొచ్చేదీ, గేటు తెరవగానే వరసగా బళ్ళు వదిలేదీ ఆ వేళల్లోనే. తొమ్మిదికి మూసే గేటు తొమ్మిదికి ముందు తొందరను పెంచుతుంది. లోపలికొచ్చే బండికి మన్ననూరులో టైము వేసిన చీటీ ఇచ్చి, అవతలి గేటు దగ్గర చూసి, మరీ ముందుగా చేరినవాళ్ళకు జరిమానా వేస్తే ఈ తొందరకు మందు దొరుకుతుంది. అందుకు కొత్త యంత్రాలేవీ అక్కర్లేదు.

దీనికి ఎదురుచెప్పేవాళ్ళున్నారు. మల్లన్న దర్శనానికి పోయే భక్తుల్ని ఇన్ని బాధలు పెట్టాలా అంటారు. అడవిలో ఉన్నది 60 కిలోమీటర్లనుకుందాం. 40లో వెళ్తే గంటన్నర, 80లో వెళ్తే ముప్పావు గంట. హైదరాబాద్ నుంచి ఐదు గంటల ప్రయాణంలో ముప్పావు గంట మిగుల్చుకోవడానికి ఇంత ప్రమాదం తెచ్చుకోవడం నాకు తెలివైన బేరంగా కనిపించదు. అంబులెన్సు మాటేమిటంటారు. ఇది గట్టి ప్రశ్న. లోపల చెంచుపెంటలున్నాయి, పురిటినొప్పులు గేటు టైము చూసి రావు. అంబులెన్సుకు ఏ వేళైనా గేటు తీయాల్సిందే, బందీపూర్‌లోనూ ఆ మినహాయింపు ఉంది. మినహాయింపు అవసరం ఉందని నిబంధననే ఎత్తేయమనడం మాత్రం కుదరదు. రోడ్డుకు రెండు వైపులా కంచె వేసేస్తే సరి అనేవాళ్ళకు నా జవాబు చిన్నది. మేత ఒక పక్క, నీళ్ళు ఇంకో పక్క ఉన్న జంతువుకు కంచె కూడా చావే.

కంచె వేస్తే కింద దారి వదలాలి. ఆదిలాబాద్, హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారే నాగపూర్‌కు ఉత్తరాన పెంచ్ పులుల అడవిని చీల్చుకుంటూ పోతుంది. అక్కడ మహారాష్ట్ర వైపు రోడ్డును పైకెత్తి, కింద జంతువులకు 9 చోట్ల దారి ఇచ్చారు. 2019లో కెమెరాలు పెట్టి చూస్తే పులులతో సహా 18 జాతుల అడవి జంతువులు ఆ వంతెనల కింద నడుస్తూ కనిపించాయి. మా శ్రీశైలం దారి మీద కూడా ఎత్తయిన వంతెన రోడ్డు ప్రతిపాదన ఉంది. బాగా కడితే మంచిదే. కట్టేటప్పుడు పడే రొద, దుమ్ము, వెలుతురు మాటేమిటో ముందే తేల్చుకోవాలి. పైగా అది వచ్చేదాకా దుప్పులు ఆగవు, ఈలోపు స్పీడు బ్రేకర్లకు పెద్ద ఖర్చేమీ కాదు.

అడవి బయట సంగతీ మరవద్దు. నారాయణపేట జిల్లాలో కృష్ణ మండలం పొలాల్లో కృష్ణజింకలు మందలుగా తిరుగుతాయి. అడవిపందులు ఇప్పుడు ఏ ఊరి చేనుకైనా వస్తాయి. పంది నల్లగా, నేలబారుగా ఉంటుంది, దాని కళ్ళు దుప్పి కళ్ళలా దూరానికి మెరవవు. కారు దాన్ని గుద్దితే బంపరు పోతుంది, బైకు గుద్దితే మనిషి పోతాడు. పొలానికి నీళ్ళు పెట్టడానికి రాత్రిపూట హెల్మెట్ లేకుండా పోయే రైతుకు ఏ అభయారణ్యం బోర్డూ ఎదురుకాదు. అలాంటి దారుల గురించి జిల్లా రోడ్డు భద్రతా సమావేశాల్లో ఎవరైనా మాట్లాడాలి.

నన్ను చదివేవాళ్ళకు నా మనవి ఇది. శ్రీశైలం వచ్చేవాళ్ళు మధ్యాహ్నం ఒంటిగంట లోపే హైదరాబాద్ దాటండి, వెలుతురుండగానే మన్ననూరు వస్తుంది. అక్కణ్ణించి దోమలపెంట దాకా 40 దాటకండి. ఒక దుప్పి రోడ్డు దాటితే వెంటనే బండి కదిలించకండి, వెనక మంద ఉంటుంది. కోతులకు అరటిపండ్లు విసరకండి, వాటిని రోడ్డు మీదికి పిలిచేది ఆ పండ్లే.