పదకొండు డీల అద్దం

అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఫోనుకు గ్లాసు వేయించుకోవాలంటే కాస్త భౌతికశాస్త్రం వచ్చి ఉండాలి. "ఏదెయ్యాలన్నా? 5డీ ఉంది, 9డీ ఉంది, 11డీ ఉంది" అంటాడు కుర్రాడు. పొడవు, వెడల్పు, ఎత్తు వరకు నాకు ఫరవాలేదు. కాలం నాలుగోదని ఐన్‌స్టీన్ పుణ్యమా అని విన్నాను. 1995లో ఎడ్వర్డ్ విట్టెన్ అనే ఆయన విశ్వానికి పదకొండు డైమెన్షన్లు కావాలని సిద్ధాంతం చెప్పాడు. ఇంతవరకు ఎవరూ వాటిని ప్రయోగం చేసి చూపించలేకపోయారు. ఇక్కడ పదకొండూ కలిపి నూటయాభై, బేరమాడితే వంద. పక్క కొట్లో 21డీ కూడా ఉందట. విట్టెన్‌కు ఎవరైనా కబురు చేస్తే బాగుండు.

అసలు 2.5డీ అంటే అంచు కాస్త గుండ్రంగా అరగదీసిన గాజు, అంతే. ఆ పైన పెరిగిన అంకెలన్నీ డబ్బా అచ్చువేసినవాడి ఉత్సాహం.

అదే డబ్బా మీద 9హెచ్ అని కూడా ఉంటుంది. వజ్రం పది కదా, ఇది తొమ్మిదన్నమాట అని మనం మురిసిపోతాం. ఆ హెచ్ పెన్సిల్‌ది. డ్రాయింగ్ పెన్సిళ్లలో బాగా గట్టిది 9హెచ్. దానితో గీసినా గీత పడలేదని ఆ బిరుదు. నా జేబులో పెన్సిల్ ఉండేది హైస్కూల్లో. ఇప్పుడుండేది దుమ్ము. వజ్రానికి పది మార్కులేసిన ఆ మోస్ కొలబద్ద మీదే ఇసుకలోని క్వార్ట్జ్‌కు ఏడు, గాజుకు ఐదున్నర, మహా అయితే ఆరు. ఇత్తడి తాళంచెవి గాజు కన్నా మెత్తన, అయినా అందరం దాన్నే అనుమానిస్తాం. ఫ్లైఓవర్ పని జరుగుతున్న రోడ్డు మీద బండిపై వెళ్లి వచ్చాక జేబు మూలల్లో చేరే ఇసుక మీద మాత్రం ఎవరికీ అనుమానం రాదు.

ఫోను గాజు కూడా తక్కువదేం కాదు. దాన్ని సుమారు 400 డిగ్రీల వేడిలో కరిగిన పొటాషియం లవణంలో ముంచుతారు. పైపొరలోని సోడియం అయాన్లు లేచి వెళ్లిపోతాయి, వాటి జాగాలో అంతకన్నా లావు పొటాషియం వచ్చి కూర్చుంటుంది. సిటీ బస్సులో ఇద్దరి సీట్లో ముగ్గురు కూర్చున్నట్టు పైపొరంతా బిగుసుకుపోతుంది. ఆ ఇరుకులో పగులు దూరడానికి సందుండదు. ఇంత తంటాలుపడి తయారుచేసిన గాజును మనం ఒక్కరోజైనా తాకం. కొన్న కొట్టు మెట్లు దిగకముందే దాని మీద ఇంకోటి అంటించేస్తాం.

అంటించడం మాత్రం చూసి తీరాల్సిందే. ముందు తడి కాగితం, తర్వాత పొడి కాగితం, ఆ తర్వాత నలుసుల్ని లాగేసే స్టిక్కరు. "ఫ్యాన్ బంద్ చెయ్‌రా!" అని కేక. కొట్లో ఉన్నవాళ్లందరం ఊపిరి బిగబట్టాం. వేలితో మధ్యలో ఒక్క నొక్కు నొక్కగానే గాజు కింద గాలి అంచులదాకా పరుగెత్తి మాయమైంది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

నేను వేయించింది ప్రైవసీ గ్లాసు. దాని లోపల కంటికి ఆననంత సన్నని నల్ల పలకలు నిలువునా ఉంటాయి. ఎదురుగా చూస్తే బొమ్మ కనిపిస్తుంది, పక్కనుంచి చూస్తే చీకటే. "పక్కోనికి ఏం కనవడదన్నా" అన్నాడు కుర్రాడు. నిజమే. మెట్రోలో నాతోపాటు నా వాట్సాప్ చదువుతూ వచ్చే పెద్దమనిషి ఆ రోజు బాగా నొచ్చుకున్నాడు.

ఇంట్లో అలా కాదు. "ఏమండీ, ఏం దాస్తున్నారు?" అంది మా ఆవిడ సోఫా ఆ చివర నుంచి. ఏమీ దాయడం లేదని నిరూపించడానికి ఫోను ఆవిడ వైపు తిప్పాను. ఇప్పుడు నాకు కనిపించడం మానేసింది.

2019లో ఒక మడత ఫోను వచ్చింది. దాని తెర మీదుండే పొరను, ఊరికే అంటించిన ఫిల్మ్ అనుకుని కొందరు విలేకరులు పీకేస్తే తెరలే పాడైపోయాయి. ఆ ఫోన్లు మొదట మన ఇళ్లకు పంపించి ఉంటే ఆ గొడవే ఉండేది కాదు. టీవీ రిమోట్ మీది ప్లాస్టిక్ కవరు చిరిగితే సెల్లోటేపు వేసుకునే జాతి మనది.

ఆదివారం డాలస్ నుంచి చెల్లెలు వీడియో కాల్ చేసింది. ఎదురుగా కూర్చునే అదృష్టం ఒక్కరికే గనుక అమ్మ కూర్చుంది. నాన్నగారు కుడివైపు, మా ఆవిడ ఎడమవైపు. ఇద్దరికీ మాటలే తప్ప మనుషులు లేరు. నాన్నగారు తెర వైపు తిరిగి రేడియో వింటున్నట్టే తలూపుతున్నారు.

"పాపకు పన్ను వచ్చిందిరా, ఎంత ముద్దుగా ఉందో!" అంది అమ్మ.

"కాస్త ఇటు తిప్పమ్మా, నేనూ చూస్తాను."

"నీ ఫోనేగా, తర్వాత చూసుకో."