కరెంటుకు బీపీఎస్ వర్తించదు

మన ఊళ్లలో ఇల్లు కడితే ప్రభుత్వం దాన్ని చుట్టూ కొలుస్తుంది. ముందు ఎంత వదిలారు, వెనక ఎంత వదిలారు, పక్కింటివైపు అరమీటరు మింగారా లేదా, రోడ్డు ఎన్ని అడుగులు? టేపు పట్టుకొచ్చిన ఉద్యోగి అన్నీ చూస్తాడు, కనీసం చూసినట్టు రాస్తాడు. ఆ టేపు మాత్రం ఇంతవరకూ బాత్రూము గడప దాటలేదు. మర్యాదస్తులు మరి! నలుగురూ స్నానం చేసే చోట తొంగి చూస్తే ఏం బాగుంటుంది?

ఆ మర్యాదకు అవతల గీజరనే తెల్ల డబ్బా ఒకటి వేలాడుతుంటుంది. 2,000 వాట్లు; 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 25 లీటర్లదైతే అందులో నీళ్లే 25 కిలోలు. దాన్ని నాలుగున్నర అంగుళాల గోడకు రెండు బోల్టులతో తగిలించి, కింద తడి ఒంటితో మనిషిని నిలబెడతాం. ఇంతటి సాహసానికి శాస్త్రం లేదనుకునేరు, బోలెడుంది. జాతీయ భవన నిర్మాణ స్మృతి 1970లో మొదటిసారి వచ్చి, 2016లో మళ్లీ సవరణకు నోచుకుంది. భారతీయ ప్రమాణాలూ ఉన్నాయి: గీజరుకు ఐఎస్ 2082, ఎర్తింగుకు ఐఎస్ 3043, వైరింగుకు ఐఎస్ 732. ఈ చివరిది స్నానపు తొట్టి, షవరు చుట్టూ 0, 1, 2 అని జోన్లు గీసి, ఎక్కడ ఏ పరికరం ఉండొచ్చో, మామూలు సాకెట్ ఎక్కడ ఉండకూడదో చెబుతుంది. మన బిల్డరు దయచేసే నాలుగడుగుల వెడల్పు బాత్రూములో ఆ జోన్లు గీయబోతే గోడలే అడ్డొస్తాయి. అందుకని ఎవరూ గీయరు. పైగా జాతీయ స్మృతిని రాష్ట్రాలు తమ నిబంధనల్లోకి తెచ్చుకుంటేనే చట్టం, లేకపోతే ఉత్త సలహా. సలహాలకు మన దగ్గర ఎప్పుడూ లోటు లేదు.

బాత్రూములో నిజంగా అమల్లో ఉన్న నిబంధన వేరే ఉంది, దాన్ని ఎలక్ట్రీషియన్ చెబుతాడు.

"ఎర్త్ ఉందా తమ్ముడూ?"

"ఉంది సార్. మూడో పిన్ను చూడుండ్రి, ఎంత లావుందో."

"పిన్ను సరే. దాని వెనక వైరు భూమిదాకా పోయిందా?"

"ఏం గాదు సార్. పది బిల్డింగులు జేసినం, ఒక్కరు గూడ ఫోన్ జెయ్యలే."

ఫోను చేయకపోవడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చని తమ్ముడికి తోచదు. తప్పంతా అతని మీద తోసేయడం కూడా అన్యాయమే. బిల్డరు అతనికి పాయింటుకు ఇంతని లెక్కకట్టి ఇస్తాడు, వైరు తనే కొనిస్తాడు. నాలుగు చదరపు మిల్లీమీటర్ల వైరు లాగాల్సిన చోట ఒకటిన్నర వైరు చేతికిస్తే, తమ్ముడు ఒకటిన్నరే లాగుతాడు. అతని జేబులో టెస్టర్ ఉంటుంది. ఫేజ్ ఉందని అది వెలిగి చెబుతుంది. ఎర్త్ లేదని చెప్పే విద్య దానికి రాదు.

ఇక ఇంటాయన. గృహప్రవేశానికి ముందు వాస్తు పండితుణ్ని పిలిపించి, గీజరు ఏ మూలన ఉండాలో అడిగి, బాత్రూములో ఆగ్నేయం వెతికించాడు. అగ్నికి ఆగ్నేయం చూపించారు గానీ ఎర్తుకు భూమి చూపించలేదు. ఉప్పు, బొగ్గు వేసి, పైపు దింపి, ఎండాకాలంలో నీళ్లు పోస్తూ ఉండాల్సిన ఆ గుంత ఎక్కడుందంటే, స్టిల్టులో పార్కింగ్ టైల్స్ కింద. దాని మీద సెక్రెటరీగారి కారు.

30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పితే చాలు, క్షణంలో కరెంటు కట్టేసే ఆర్‌సీసీబీ ఒకటుంటుంది. చాలా ఇళ్లలో అది ఉండదు. ఉన్న ఇంట్లో మాటిమాటికీ పడిపోతోందని విసుక్కుని పక్కనుంచి వైరు కలిపేయిస్తారు. కాపలా కుక్క మొరుగుతోందని దాన్నే తరిమేసి, దొంగ సంగతి రేపు చూద్దాంలే అని పడుకోవడం లాంటిది. గీజరు కింద సేఫ్టీ వాల్వుకూ ఇదే గతి. లోపల ఒత్తిడి పెరిగినప్పుడు నీటిబొట్లు వదలడం దాని ఉద్యోగం. బొట్లు నెత్తిన పడుతున్నాయని దాని నోటికి మూత బిగిస్తారు. కరెంటు గొడవే వద్దని గ్యాస్ గీజరు పెట్టుకున్న తెలివైనవాళ్లు, దోమలు వస్తున్నాయని వెంటిలేటరు మూసేస్తారు. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు కాబట్టి ఫిర్యాదు కూడా ఉండదు. ప్రతి చలికాలం పేపర్లో లోపలి పేజీలో ఒక చిన్న వార్త వస్తుంది, అంతే.

మరి విద్యుత్ తనిఖీ అధికారులు లేరా? ఉన్నారు. 15 మీటర్లు దాటిన భవనాల కోసం నిబంధనల్లో ప్రత్యేకంగా గుర్తుపెట్టుకున్నారు. అంతకన్నా పొట్టి భవనాల్లో ఉండేవాళ్లు నేలకు దగ్గరగా ఉన్నారు కదా, ఎర్తింగు వాళ్లకు సహజంగానే అబ్బుతుందని కాబోలు. తెలంగాణలో 75 గజాల లోపు స్థలమైతే అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. ఆపైన మరికొన్నింటికి స్వీయ ధ్రువీకరణ. అంటే నా ఇల్లు బాగుందని నేనే చెబుతాను, నా మాట నమ్మమని ప్రభుత్వానికి నేనే హామీ ఉంటాను.

ఆ ధ్రువీకరణ అబద్ధమైనా కంగారు లేదు. 2007లో బీపీఎస్ అనే భవన జరిమానా పథకం వచ్చింది. 1985 నుంచి కట్టిన అడ్డగోలు కట్టడాలు రుసుం కట్టి పునీతమయ్యే అవకాశం దొరికింది. రాష్ట్రం రెండయ్యాక 2015లో అక్కడా ఇక్కడా మళ్లీ అదే భాగ్యం. బ్రోచరులో సోలార్ పలకలు మెరిసిన టెర్రస్ మీద పెంట్‌హౌస్ లేస్తుంది, లేచాక క్రమబద్ధమవుతుంది. సెట్‌బ్యాక్ లేదా, కట్టు. అంతస్తు ఎక్కువైందా, ఇంకాస్త కట్టు. ఈ అలవాటులో ఉన్నవాడికి లేని ఎర్తింగు కూడా రేపో మాపో రుసుముతో తీరే దోషంలాగే కనిపిస్తుంది. కరెంటుకు ఆ జీవోలు చదివే ఓపిక లేదు. తప్పు జరిగిన పూటే తీర్పు, అప్పీలు లేదు.

కాబట్టి రెండు ప్రభుత్వాలకూ ఒక విన్నపం. వెంటనే గీజర్ల క్రమబద్ధీకరణ పథకం ప్రకటించండి. లీకయ్యే మిల్లీ ఆంపియరుకు ఇంతని రుసుం పెట్టండి. మొదటి 30కి రాయితీ ఇవ్వండి. గడువు యథాప్రకారం నాలుగైదుసార్లు పొడిగించండి. దరఖాస్తు మీద గీజరు యజమాని సంతకం తప్పనిసరి చేయండి. స్వయంగా హాజరు కాలేని పక్షంలో వారసుల సంతకం చెల్లుతుందని కింద చిన్న అక్షరాల్లో వేయించండి.