నవ్వితే నవ్వండి గానీ...

ఏలూరు, తాడేపల్లిగూడెం నెట్ సెంటర్ల బోర్డుల మీద ఇంగ్లిషు స్పెల్లింగులు చూసి నవ్వుకునే మేధావులకు కొదవ లేదు. ఈ-మెయిల్ మధ్య అడ్డగీతను అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ శైలి పుస్తకం 2011లో ఎత్తేసింది. ఇంటర్నెట్‌కి పెద్దక్షరం అక్కర్లేదని 2016లో తేల్చింది. దొరలే ఇన్నేళ్లు తేల్చుకోలేని దానికి మన పెయింటర్‌ని బోనెక్కించడమేమిటి? జిరాక్సు అయితే వస్తోందిగా! అలాగని ఎలా రాసినా చెల్లుతుందా అంటే, చెల్లదు. బోర్డు చదివేది మనిషి, సర్దుకుంటాడు. వెబ్ అడ్రస్ చదివేది యంత్రం. ఒక్క అక్షరం తేడా వస్తే దొంగ సైటు తలుపు తెరుచుకోవచ్చు. కొల్లేరు చేపల రైతు పేరులో ఆధార్‌లో ఒక ‘హెచ్’ ఎక్కువై, బ్యాంకు పుస్తకంలో తక్కువైతే, తప్పు కొట్టింది ఆపరేటరైనా కాళ్లరిగేలా తిరగాల్సింది రైతే. నవ్వేవాళ్లు బోర్డులొదిలి అలాంటి రైతుల దరఖాస్తులు సరిచూడండి.