తొమ్మిదీ నలభైకి మోగిన సెహరీ

2022 ఏప్రిల్ 3, ఆదివారం. రంజాన్ మొదటి రోజా. పొద్దున తొమ్మిదీ నలభైకి బహదూర్‌పురాలోని మా గల్లీలో నలభై ఒక్క ఫోన్లు ఒక్కసారే మోగాయి. ఎత్తిన ప్రతివాళ్లకూ నా గొంతే వినిపించింది: "ఉఠో, సెహరీ కా వఖత్ హో గయా." తెల్లవారకముందే తినాల్సిన సెహరీ వేళ దాటిపోయి అప్పటికి దాదాపు ఐదు గంటలైంది. ఎన్నో ఇళ్లలో ఆ రోజు గుక్కెడు నీళ్లు కూడా తాగకుండానే రోజా పట్టారు. దానికి కారణం నేను. మర్నాడూ అదే జరిగింది. మొదటి రోజు సంగతి నలుగురిలో చెప్పుకున్నాను. రెండో రోజు అసలేం జరిగిందో మాత్రం ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

నాది సర్వర్లు చూసుకునే ఉద్యోగం. అర్ధరాత్రి జరగాల్సిన పనిని పగలే చెప్పి పెట్టి, నిశ్చింతగా నిద్రపోవడం అందులో రోజూ ఉండేదే. యూనిక్స్‌లో దానికి రెండు పాత పనిముట్లున్నాయి. 1979లో బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చిన ఏడో వెర్షన్‌లోనే రెండూ ఉన్నాయి. ఒకటి క్రాన్, రెండోది ఎట్. క్రాన్ రోజువారీ పనులకు. నిమిషం, గంట, తేదీ, నెల, వారం అని ఐదు గడులు నింపి, పక్కన చేయాల్సిన పని రాస్తే చాలు. అది నిమిషానికోసారి లేచి, పట్టిక చూసి, ఇప్పుడు చేయాల్సిందేమైనా ఉందా అని వెతుక్కుంటుంది. ఎట్ ఒక్కసారి జరిగే పనులకు. ఫలానా రోజు ఫలానా వేళకు ఇది చెయ్యమని అప్పగిస్తే వరసలో పెట్టుకుని, ఆ వేళకు చేసి, ఆ పనిని వరసలోంచి తీసేస్తుంది.

సెహరీ వేళ క్రాన్‌కు ఒదిగేది కాదు. అది సూర్యుణ్ణి బట్టి నడుస్తుంది. ఆ ఏడాది రంజాన్ మొదటి రోజు నుంచి ముప్పయ్యో రోజుకు ఇరవై నిమిషాల పైనే ముందుకు జరిగింది. నెల ఏ రోజు మొదలవుతుందో కూడా నెలవంక కనిపిస్తేనే తెలుస్తుంది. అందుకే ఎట్ తీసుకున్నాను. అంతవరకు నా ఆలోచనలో తప్పు లేదు.

మా గల్లీలో సెహరీకి జనాన్ని లేపేది ఒక ముసలి ఫకీరు. అందరికీ చాచానే. చేతిలో డఫ్, భుజాన గుడ్డసంచి, నడుముకు టార్చిలైటు. తెల్లవారుజామున మూడింటికల్లా గల్లీ మొదట్లో ఉండేవాడు. జూపార్కు మాకు దగ్గరే. గాలి ఇటు తిరిగితే ఆ వేళప్పుడు సింహం గర్జన వినిపిస్తుంది, ఆ వెనకే చాచా డఫ్. నా చిన్నప్పటి రంజాన్ అంటే నాకు ఈ రెండు చప్పుళ్లే. మేం రోజా ఉండేవాళ్లం కాకపోయినా, ఆ నెలంతా మా అమ్మ ఆయన డఫ్‌కే లేచి వాకిలి ఊడ్చి చల్లేది.

ఆ ఏడు ఆయన మోకాళ్లు మరీ వాచిపోయాయి. మా అరుగు ఎక్కడానికే గోడ పట్టుకున్నాడు. అది చూసి నాకు నిజంగానే బాధేసింది. ఆ బాధలోంచే ఈ ఆలోచన పుట్టింది. ఇంత చదువుకుని, ఇన్ని యంత్రాలు చేతిలో పెట్టుకుని, ఒక ముసలాయన్ని రాత్రిపూట గల్లీలు తిప్పడమేమిటి? ఇంటింటికీ వెళ్లి ఫోన్ నంబర్లు రాసుకొచ్చాను. అద్దెకు తీసుకున్న సర్వర్ ఒకటి నా దగ్గర ఉండేది. నలభై ఒక్క నంబర్లకు ఫోన్ చేసి రికార్డు చేసిన మాట వినిపించే చిన్న స్క్రిప్టు రాసి అందులో పెట్టాను.

ఏప్రిల్ 2న ఉగాది. పొద్దున శుభకృత్ నామ సంవత్సరపు పచ్చడి తిన్నాం, సాయంత్రం నెలవంక కనిపించింది. మసీదులో పంచిన టైంటేబుల్ కార్డు ముందు పెట్టుకుని, ప్రతి సెహరీ ముగింపుకు ముప్పావు గంట ముందు వేళ లెక్కగట్టి, ముప్పై వరసల ఫైలు తయారు చేశాను. మొదటి వరసలో నాలుగూ పది, రెండో వరసలో నాలుగూ తొమ్మిది. ఒక్క ఆజ్ఞతో ముప్పై పనులూ ఎట్ వరసలో చేరాయి. ఒక్కోదానికీ తెర మీద జవాబొచ్చింది: ఒకటో పని, ఆదివారం, ఏప్రిల్ 3, నాలుగూ పది. రెండో పని, సోమవారం, నాలుగూ తొమ్మిది. ఎంత ముచ్చటగా కనిపించిందో.

చాచాను ఇంటికి పిలిచాను. అమ్మ ఆయన చేతిలో పచ్చడి గిన్నె పెట్టింది. పరీక్ష చూపిస్తానని, ఇప్పటి నుంచి రెండు నిమిషాల తర్వాత ఆయన ఫోన్‌కు కాల్ వెళ్లాలని ఎట్‌కు చెప్పాను. ఇద్దరం ఫోన్‌ వంక చూస్తూ కూర్చున్నాం. చెప్పిన వేళకు మోగింది. చాచా చెవి దగ్గర పెట్టుకుని నా గొంతు చివరిదాకా విన్నాడు.

"ఎత్తకపోతే?" అన్నాడు.

"ఇంకో రెండుసార్లు చేస్తుంది చాచా."

"మూడో అంతస్తు దాదీకి చెవులు వినిపించవు కదా బేటా. నేను కిటికీ మీద టార్చి వేస్తా. లోపల లైటు వెలిగేదాకా అక్కడే నిలబడతా."

"మనవడి నంబరు పెట్టానులే."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే నన్ను రావొద్దంటావా?" అన్నాడు. మోకాళ్లు నయం చేసుకోమన్నాను. గిన్నె కింద పెట్టి, సలాం చెప్పి వెళ్లిపోయాడు. ఆయన అడిగింది నాకు విశ్రాంతిస్తావా అని కాదు. అది నా చెవికి ఎక్కలేదు.

ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. నాలుగూ పదికి ఏ ఫోనూ మోగలేదు. గల్లీ అంతా నిద్రలోనే ఉండిపోయింది.

తొమ్మిదీ నలభైకి నా ఫోన్ కూడా మోగింది, జాబితాలో నా నంబరూ ఉంది కాబట్టి. నా గొంతు వినగానే సంగతి అర్థమైంది. ఆ సర్వర్ గడియారం గ్రీనిచ్ వేళలో నడిచే యూటీసీ మీద ఉంది. అక్కడ నాలుగూ పది అయితే మనకు ఐదున్నర గంటలు కలిపి తొమ్మిదీ నలభై. ఎట్ ఇచ్చిన జవాబులో గంట ఉంది, నిమిషం ఉంది, అది ఏ ఊరి వేళో మాత్రం ఉండదు. నేను చేసిన పరీక్షలో ఆ తప్పు బయటపడే వీలే లేదు. ఇప్పటి నుంచి రెండు నిమిషాలు అంటే ఏ దేశపు గడియారంలోనైనా రెండు నిమిషాలే. తప్పు దొరకని పరీక్ష పెట్టుకుని, పాసయ్యానని ఒక ముసలాయన్ని ఇంటికి పంపించేశాను.

మన దేశానికంతటికీ ఒకే వేళనిచ్చే గీత ఎనభై రెండున్నర డిగ్రీల రేఖాంశం, కాకినాడకు దగ్గరగా పోతుంది. హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమర. అందుకే మన సూర్యుడు ఆ గీత దగ్గరికంటే పదహారు నిమిషాలు వెనక. కార్డు మీద వేళలు లెక్కగట్టినవాళ్లు ఇదంతా చూసుకుని ఈ ఊరి ఆకాశానికి సరిపడా వేశారు. నేను వాటిని మోసుకెళ్లి గ్రీనిచ్ గడియారానికి అప్పగించాను.

మెట్ల మీద ఎదురింటి ఆటో భాయ్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, "ఖైర్, కోయీ బాత్ నై," అన్నాడు. ఆ మాటకు నేను తలదించుకుని ముసలాయన ఇంటికి వెళ్లాల్సింది. సర్వర్ దగ్గరికి వెళ్లాను. ఒక్క ఆజ్ఞతో గడియారాన్ని ఆసియా, కోల్‌కతా వేళకు మార్చాను. ఇప్పుడు టైమెంత అని అడిగితే సరిగ్గా చెప్పింది. ఇంటింటికీ వెళ్లి, "రేపు తప్పకుండా మోగుతుంది, నాదీ పూచీ," అన్నాను. ఇద్దరు ముగ్గురు ఫోన్‌లో అలారం పెట్టుకుంటామంటే అక్కర్లేదని నేనే చెప్పాను. ఇదీ నేను ఇన్నాళ్లూ దాచింది. మొదటి రోజు వాళ్లకు వాళ్ల జాగ్రత్త ఎంతో కొంత ఉండింది. రెండో రోజుకు దాన్ని కూడా నా నోటితోనే తీసేశాను. ఆ రాత్రి నాలుగింటికి లేచి కూర్చుందామన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

సోమవారం పొద్దున తొమ్మిదీ ముప్పై తొమ్మిదికి ఫోన్లు మోగాయి. నిన్నటికంటే ఒక నిమిషం ముందు. కార్డులో ఉన్న ఆ ఒక్క నిమిషం తేడా కూడా పొల్లుపోలేదు.

క్రాన్ అయితే, గడియారం మార్చాక ఒకసారి ఆపి మళ్లీ లేపితే, కొత్త వేళనే చూసుకుంటుంది. దాని పట్టికలో ఉండేది గంట, నిమిషం. ఎట్ దాచుకునేది ఆ మాటను కాదు. పని అప్పగించిన క్షణంలోనే దాన్ని 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన నిమిషాల సంఖ్యగా మార్చి పెట్టుకుంటుంది. ఆ తర్వాత గోడమీది గడియారాన్ని ఎన్నిసార్లు తిప్పినా ఆ క్షణం కదలదు. ఇన్నేళ్ల క్రాన్ అలవాటును తెచ్చి ఎట్ మీద పెట్టాను. వరసలో ఏముందో చూపించే ఎట్‌క్యూ అని మూడక్షరాలు కొట్టి ఉంటే ఆదివారమే తెలిసేది. సోమవారం కొట్టాను. మిగిలిన పనులన్నీ వరసగా వచ్చాయి, అన్నీ తొమ్మిది గంటలవే. గడియారం మార్చినప్పటి నుంచీ అది నిజమే చెప్పడానికి సిద్ధంగా ఉంది. అడగనిది నేను.

ఆ మధ్యాహ్నం బండి మీద వెళ్తుంటే, అప్పటికి ఇంకా ప్రారంభించని బహదూర్‌పురా ఫ్లైఓవర్ నీడలో ఆటో భాయ్ బండి ఆపుకుని వెనక సీట్లో పడుకుని ఉన్నాడు. తల మీద తడి తువ్వాలు. వరసగా రెండో రోజు సెహరీ లేకుండా ఏప్రిల్ ఎండలో ఆటో తోలుతున్నాడు. నేను బండి ఆపలేదు. ఆపి ఏం మాట్లాడాలో తెలియలేదు.

ఇంటికొస్తే అమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. "మూడో అంతస్తు ముసలామె రెండు దినాల సంది ఉత్తగనే రోజా ఉంటుందట. మనవనికి రాత్రి డ్యూటీ, ఫోను వాని జేబులనే ఉంటది," అంది. కాసేపాగి మళ్లీ అంది. "చాచాకు నెల పొడుగూత ఎవ్వరేం ఇయ్యరు రా. పండుగ నాడు ఇంటింటికి తిరిగితే ఇచ్చేదే ఆయనకు ఏడాది ఆసరా. నెలంతా లేపనోడు పండుగ నాడు ఏ ముఖం పెట్టుకొని తలుపు కొడ్తడు? గది ఆలోచించినవా?"

ఆలోచించలేదు. ఆయన మోకాళ్లు కనిపించాయి, ఆయన బతుకు కనిపించలేదు.

సాయంత్రం వరసలో మిగిలిన పనులన్నీ తీసేసి మళ్లీ ఎక్కించాను. ఈసారి ఒక్కో వరసా వేలు పెట్టి కార్డుతో సరిచూసుకున్నాను. ఇఫ్తార్ అయ్యాక కిషన్‌బాగ్ వైపున్న చాచా గదికి వెళ్లాను. డఫ్ గోడకు వేలాడుతోంది. క్షమించమన్నాను. మళ్లీ రమ్మన్నాను, మెట్లు ఎక్కే పనంతా నాదని చెప్పాను. ఆయన దేనికీ జవాబు చెప్పకుండా, "దాదీ తిన్నదా?" అని అడిగాడు.

మంగళవారం మూడింటికి ఇద్దరం బయలుదేరాం. డఫ్ ఆయన చేతిలో, టార్చి నా చేతిలో. ఎవరి తలుపు రెండుసార్లు కొట్టాలో, ఎక్కడ పసిపాప ఉంది కాబట్టి డఫ్ ఆపాలో, ఎవరు లేచామని అరిచి మళ్లీ పడుకుంటారో నడుస్తూ నడుస్తూ చెప్పాడు. నా ఫైలులో ఉన్నవి నంబర్లే, ఇవేవీ లేవు. దాదీ ఇంటి కిందికి వచ్చేసరికి నాలుగు దాటింది. కిటికీ మీద టార్చి వేశాను. చెయ్యి వణుకుతుంటే ఆయన నా మణికట్టు పట్టుకుని, వెలుగును అద్దం పై అంచుకు జరిపాడు. అక్కడ వేస్తే మంచం మీద పడుతుందట.

నాలుగూ ఎనిమిదికి నా జేబులో ఫోన్ మోగింది. గల్లీ పొడుగునా కిటికీల వెనక ఫోన్లు మోగుతున్నాయి. వేళకే మోగాయి. చాచా అటు తిరగలేదు, పైకే చూస్తున్నాడు. మూడో అంతస్తు ఇంకా చీకటిగానే ఉంది. ఇద్దరం అలాగే నిలబడ్డాం. చాలాసేపటికి లోపల ఏదో కదిలింది, గిన్నె చప్పుడైంది, లైటు వెలిగింది. ఆయన నా మణికట్టు వదిలి పక్కింటి వైపు నడిచాడు.