దూరిందా, సరిపోయినట్టే

టార్చిలైటుకి లిథియం సెల్లు కొనడానికి వెళ్లేటప్పుడు టార్చిని ఇంట్లోనే వదిలి వెళ్లండి. అది చేతిలో ఉంటే కొట్టువాడు సెల్లు వేసి చూస్తాడు, సరిపోలేదని అక్కడే తేలిపోతుంది, ఉత్త చేతులతో తిరిగి రావాలి. ఎందుకొచ్చిన గొడవ?

సెల్లు మీద 18650 అని ఉంటుంది. ధర అనుకుని కంగారుపడకండి. మా మేనల్లుడు దాన్ని ముక్కలు చేసి చదువుతాడు: 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, చివరి సున్నా అంటే గుండ్రటిది. 21700 అంటే 21 లావు, 70 పొడవు. గుండ్రంగా ఉందని సున్నా పెట్టి మరీ చెప్పాలా? కళ్లు లేవూ!

పొడవు దగ్గర మాత్రం కాస్త ఒళ్లు వంచాలి. 18650 అని రాసి ఉన్నా, ప్రొటెక్షన్ ఉన్న సెల్లు 69, 70 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అడుగున పలచటి సర్క్యూట్ బిళ్ల అతికిస్తారు. చార్జి మరీ దిగిపోయినా, మితిమీరి ఎక్కినా, షార్టయినా అది కరెంటు తెంపేస్తుంది. ఈ పొడుగు సెల్లు వేస్తే కొన్ని టార్చిల మూత బిగియదు. పటకారు ఎందుకుంది? గట్టిగా తిప్పండి. లోపల కటుక్కుమంటే బిళ్ల నలిగిందన్నమాట. ఇక మీ కరెంటుకి అడ్డు చెప్పేవాడు లేడు.

ఇందుకు తలకిందులు కేసు కూడా ఉంది. పాజిటివ్ కొన మీద బొడిపె లేకుండా చదునుగా ఉండే సెల్లు. తిరగేసి వేసినా టార్చి కాలిపోకుండా కొన్నింట్లో పాజిటివ్ రేకు చుట్టూ ప్లాస్టిక్ రింగు పెడతారు. చదును సెల్లు ఆ రేకుని తాకదు. సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం ఉండ చుట్టి మధ్యలో పెట్టేయండి. ఇక్కడే మేనల్లుడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "మామయ్యా, ఈ ప్లాస్టిక్ తొడుగు కింద ఒళ్లంతా నెగిటివే. పైన అంచు కూడా నెగిటివే. నడిమధ్య ఉన్న ఈ బిళ్ల ఒక్కటే పాజిటివ్. రెంటికీ మధ్య సందు ఎంతుందో చూడు. కాగితం కాస్త జరిగిందా, షార్టే" అన్నాడు. తొడుగు చిరిగిన సెల్లుని కూడా వాడకూడదట. చొక్కా చిరిగిందని మనిషిని పారేస్తామా?

ఇక కెపాసిటీ. పేరున్న కంపెనీలు ఏళ్ల తరబడి తంటాలు పడి కూడా 18650 సెల్లులో సుమారు 3500 ఎంఏహెచ్ దగ్గరే ఆగిపోయాయి. ఊరూ పేరూ లేని కంపెనీ 9900 అని అచ్చేసి సగం ధరకే ఇస్తోంది. ఎవరు గొప్ప? అసలు సెల్లు 45 గ్రాములు, ఆ పైన తూగుతుంది. ఈ 9900 రకం చాలాసార్లు అంతకన్నా తేలిగ్గా ఉంటుంది. బరువు తగ్గించి బలం మూడింతలు చేశారంటే మాటలు కాదు. 2019లో లిథియం అయాన్ బ్యాటరీలకుగాను ముగ్గురికి కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చినవాళ్లు ఈ మహానుభావులను ఎలా మరిచిపోయారో! దయచేసి కాటా మీద మాత్రం పెట్టకండి.

14500 అని ఇంకో రకం ఉంది. అచ్చం పెన్సిల్ సెల్లు సైజే. పెన్సిల్ సెల్లు 1.5 వోల్టులు, ఇది 3.7, నిండా చార్జి ఎక్కితే 4.2. దూరిందా, సరిపోయినట్టే. పిల్లల బొమ్మకారులో వేస్తే ఎన్నడూ లేనంత జోరుగా పరుగెడుతుంది, ఒక్కసారి.

రెండు సెల్లుల టార్చి అయితే ఒకటి కొత్తది, ఒకటి పాత ల్యాప్‌టాప్‌లోంచి పీకినది వేయండి. పాతది ముందు ఖాళీ అవుతుంది, అయినా కొత్తది ఊరుకోక దాన్ని 2.5 వోల్టుల కిందికి పిండేస్తుంది. అలా పిండిన సెల్లుని మళ్లీ చార్జింగు పెట్టడం ప్రమాదమని తెలిసినవాళ్లు అంటారు. రాత్రిపూట మోటారు వేయడానికి చేనుకెళ్లే రైతుకి ఈ జోడీ మరీ మంచిది. గట్టు మధ్యలో ఆరిపోయిందంటే పాము కనబడదు, భయమూ ఉండదు.

4.2 వోల్టుల దగ్గర తనంతట తాను ఆగే చార్జరు దండగ. ఏది దొరికితే అందులో పెట్టి, పరుపు మీద తల పక్కనే ఉంచుకుని పడుకోండి. తేడా వస్తే ఇంట్లో అందరికన్నా ముందు మీకే తెలుస్తుంది.

చివరిగా, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే పెద్దలకు. విడి లిథియం సెల్లుల్ని చేతిసంచీలోనే పెట్టుకోవాలని, కొనలు ఒకదానికొకటి తగలకుండా చూసుకోవాలని విమానాలవాళ్ల రూలు. చేతిసంచీలో మందులకే చోటు లేదు. అందుకని సెల్లుల్ని తాళంచెవులతో కలిపి మూటగట్టి, లగేజీలో వేసే పెద్దపెట్టెలో ఆవకాయ డబ్బా పక్కన సర్దండి. కాసేపటికి మైకులో మీ పేరు పిలుస్తారు. ఆవకాయ గురించేమో అనుకుంటూ నిదానంగా వెళ్లండి.